పలుకు కోసం, అడుగు కోసం: ఖర్చుకు దారేది?

బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు, పలుకు వస్తే పంచదార చిలకలు. పిల్లల ఎదుగుదలను పిండివంటలతో కొలుచుకునే వాళ్ళం మనం. మరి ఏడాదిన్నర దాటినా అడుగు వెయ్యని బిడ్డ ఉన్న ఇంట్లో అరిసెల మాటేమిటి? మూడో ఏడు నడుస్తున్నా "అమ్మా" అనని పిల్లవాడున్న ఇంట్లో చిలకల మాటేమిటి? మొదట బామ్మగారు సర్దిచెబుతారు: "వాళ్ళ తాతకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి." తరవాత మొక్కులు మొదలవుతాయి. ఆ తరవాత తల్లిదండ్రులు ఒకరికి తెలియకుండా ఒకరు దిగులుపడతారు. చివరికి ఎప్పుడో డాక్టరు దగ్గరకు వెళ్ళేసరికి విలువైన రోజులు గడిచిపోయి ఉంటాయి.

ఈ ఆలస్యానికి కారణాలు మూడు. ఒకటి తెలియకపోవడం. రెండు, నలుగురూ ఏమనుకుంటారోనన్న బెరుకు. మూడోది డబ్బు. మొదటి రెండింటి గురించి చాలామంది చెబుతూనే ఉన్నారు. మూడోదాన్ని గురించి మాట్లాడేవారు తక్కువ. నెల జీతం మీద బతికే సంసారాల్లో అసలు చిక్కంతా అక్కడే ఉంది కనుక, ఈ వ్యాసం దానికే పరిమితం.

మందు సీసాలో దొరకని వైద్యం

మాట రాని పిల్లలకు స్పీచ్ థెరపీ, కండరాలు బిగిసిన పిల్లలకు ఫిజియోథెరపీ, చొక్కా గుండీ పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం, ఒకచోట కుదురుగా కూర్చోవడం నేర్పడానికి ఆక్యుపేషనల్ థెరపీ ఉన్నాయి. ఇవి పది రోజులు మింగితే అయిపోయే మాత్రలు కావు. నెలలు, ఒక్కొక్కప్పుడు ఏళ్ళ తరబడి సాగే శిక్షణ. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. పసితనంలో మెదడుకు నేర్చుకునే శక్తి ఎక్కువ.

ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఒకసారి కూర్చోబెట్టినందుకు 500 రూపాయలనుకోండి. వారానికి మూడుసార్లు మాటల శిక్షణ, మూడుసార్లు చేతి పనుల శిక్షణ అంటే నెలకు సుమారు 24 సార్లు, 12 వేల రూపాయలు. ఏడాదికి లక్షా 44 వేలు! పెద్ద నగరాల్లో ఒక్కొక్కసారికి ఇంతకన్న ఎక్కువే పుచ్చుకునేవారున్నారు. ఇంటద్దె, పెద్దపిల్ల కాలేజీ ఫీజు, తండ్రిగారి మందులు పోను ఇంత మొత్తం ఎక్కణ్ణుంచి వస్తుంది? మూడు నెలలు తిప్పి, నాలుగో నెల మానేసేవారు అందుకే అంతమంది.

సహాయం లేకపోలేదు. కాని అది ఒకేచోట కుప్పగా లేదు, పది గుమ్మాల్లో పిడికెడు పిడికెడుగా ఉంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, ఇక సర్కారు సంగతి చెప్పాలా? ఆ గుమ్మాలేవో వరసగా చూద్దాం.

మొదటి గుమ్మం: సర్టిఫికెట్

2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. పాత చట్టం గుర్తించిన వైకల్యాలు ఏడే. కొత్త చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మాట, భాషకు సంబంధించిన లోపాలు, చదువు నేర్చుకోవడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు అన్నీ అందులో ఉన్నాయి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నదని ప్రభుత్వ వైద్యులు ధ్రువీకరిస్తే, చాలా పథకాలకు తలుపు తెరుచుకుంటుంది. సదరం శిబిరం అన్న పేరు మన రెండు రాష్ట్రాల వారికీ పరిచితమే. దేశమంతటా చెల్లే యు.డి.ఐ.డి. కార్డుకు స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చెయ్యవచ్చు.

ఇక్కడే చాలా కుటుంబాలు వెనుకాడతాయి. "కాగితం మీద రాయించుకుంటే పిల్లకు ముద్ర పడిపోదూ? రేపు పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు..." అని నాలుగేళ్ళ పిల్ల విషయంలో ఇరవై ఏళ్ళ ముందుచూపు చూపిస్తాం! కార్డు బీరువాలో ఉంటుంది, పిల్ల నుదుటిమీద ఉండదు. పైగా పసిపిల్లలకు తాత్కాలికంగా సర్టిఫికెట్ ఇచ్చి, కొంతకాలం తరవాత మళ్ళీ పరీక్షించే పద్ధతి కూడా ఉంది. బిడ్డ బాగుపడితే ఆ కాగితం దానంతటదే చెల్లకుండా పోతుంది. సంతోషమే కదా!

డబ్బు అడగని చోట్లు

ఖర్చు పెట్టడానికి ముందు ఖర్చు లేని చోటు చూడడం సంసారి లక్షణం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలను అంగన్‌వాడీల్లోను, ప్రభుత్వ బడుల్లోను పరీక్షిస్తారు. లోపం కనిపించినవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, మాట, వినికిడి నిపుణుడు, మనస్తత్వ నిపుణుడు ఒకే కప్పు కింద ఉండాలన్నది ఈ కేంద్రాల ఉద్దేశం. సేవలు ఉచితం. "గవర్నమెంటుదా!" అని మూతి విరిచే ముందు ఒకసారి వెళ్ళి చూడండి. కనీసం పరీక్షలూ, సలహా పైసా లేకుండా దొరుకుతాయి.

బడి ఈడు పిల్లలకు సమగ్ర శిక్ష ఉంది. దాని కింద రెండు తెలుగు రాష్ట్రాల్లోను భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు అక్కడ ఉంటారు. నిర్ణీత దినాల్లో ఫిజియోథెరపిస్టు వస్తారు. కదలలేని పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పే ఏర్పాటు, ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున ఏడాదిలో పది నెలలు స్టైపెండు ఉన్నాయి. మండల విద్యావనరుల కేంద్రంలో అడిగితే వివరాలు చెబుతారు. ఇవి గాక, 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య పొందే హక్కు 2016 చట్టమే ఇచ్చింది.

ఇక సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ. 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థగా వెలసి, ఇప్పుడు నీపిడ్ అన్న పేరుతో నడుస్తోంది. 2021 జూన్‌లో ఇక్కడ పసిపిల్లల కోసం ప్రత్యేకంగా సత్వర శిక్షణ కేంద్రం ఒకటి తెరిచారు. వినికిడి లోపం చూసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఆ ఆవరణలోనే ఉంది. కోస్తావారికి నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ సంయుక్త ప్రాంతీయ కేంద్రం దగ్గర. దూరప్రాంతాల వాళ్ళు రోజూ రాలేరు, నిజమే. ఒకసారి వచ్చి పూర్తి పరీక్ష చేయించుకుని, ఇంటి దగ్గర ఏమేమి చెయ్యాలో రాయించుకుని వెళ్ళినా దారిఖర్చు దండగ కాదు.

నిరామయ అనే భీమా

మధ్యతరగతి వారు ముఖ్యంగా తెలుసుకోవలసినది ఇదీ. 1999 చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్టు నిరామయ అనే ఆరోగ్యభీమా నడుపుతోంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం, ఈ నాలుగింటిలో ఏదైనా ఉన్నవారు చేరవచ్చు. వయసు పరిమితి లేదు, చేరేముందు వైద్యపరీక్ష లేదు. దారిద్ర్యరేఖకు పైనున్న వాళ్ళు కూడా అర్హులే. రుసుము వందల్లోనే ఉంటుంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా భీమా. మామూలు భీమా కంపెనీలు ఆస్పత్రిలో పడుకుంటేనే డబ్బిస్తాయి, వచ్చిపోయే థెరపీకి చాలావరకు ఇవ్వవు. నిరామయలో ఓ.పి. వైద్యానికి, మందులకు, క్రమం తప్పకుండా సాగే థెరపీకి కూడా విడివిడి పరిమితులతో డబ్బు వస్తుంది.

ఇందులో మెలికలు మూడున్నాయి. వినికిడి లోపం ఒక్కటే ఉన్నవారికి, కాలిలోపం ఒక్కటే ఉన్నవారికి ఇది వర్తించదు. ముందు మనం ఖర్చుపెట్టి, బిల్లులు పంపి తరవాత రాబట్టుకోవాలి. ఏటేటా మరిచిపోకుండా పునరుద్ధరించుకోవాలి. అందుచేత తొలిరోజు నుంచే ప్రతి రశీదూ తేదీ వారీగా ఒక ఫైల్లో పెట్టండి. చీటీ మీద "500 ముట్టినది" అని గిలికి ఇస్తే ఒప్పుకోకండి. పిల్లవాడి పేరు, తేదీ, చేసిన చికిత్స, థెరపిస్టు సంతకం, రిజిస్ట్రేషన్ నెంబరు ఉండాలి.

జీతగాళ్ళకు, పన్ను కట్టేవారికి

ఆదాయపు పన్ను గురించి ఒక మాట. 1961 చట్టంలో 80డిడి సెక్షను అని పేరుపడ్డ మినహాయింపు ఇది. ఇంట్లో మన మీద ఆధారపడిన దివ్యాంగులుంటే 75 వేల రూపాయలు, వైకల్యం 80 శాతం, ఆపైన అయితే లక్షా 25 వేలు ఆదాయంలోంచి తగ్గిస్తారు. పెట్టిన ఖర్చు అంతకన్న తక్కువైనా సరే, మొత్తం మినహాయింపు వస్తుంది. 20 శాతం పన్ను కట్టే ఉద్యోగికి 75 వేల మీద, సెస్సుతో కలిపి, 15,600 రూపాయలు మిగులుతుంది. మన లెక్కలో అది నెల థెరపీ పైమాటే! అయితే పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే ఈ సదుపాయం. కొత్త విధానంలో లేదు. రెండూ లెక్కకట్టి చూసుకోవాలి. 2025 కొత్త పన్ను చట్టంలో సెక్షను నెంబర్లు మారాయి గనుక, ఆఫీసులో పాత నెంబరు చెప్పి కొత్తదేదో అడగండి.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు పిల్లల చదువు భత్యం దివ్యాంగులైన పిల్లల విషయంలో రెట్టింపు. తల్లులు తీసుకునే శిశుసంరక్షణ సెలవుకు అటువంటి బిడ్డ విషయంలో వయసు పరిమితి లేదు. తమ కాళ్ళమీద తాము నిలబడి సంపాదించుకోలేని బిడ్డకు తల్లిదండ్రుల తరవాత జీవితాంతం కుటుంబ పింఛను అందే ఏర్పాటూ ఉంది. దానికి బిడ్డ వివరాలు సర్వీసులో ఉండగానే రికార్డు చేయించాలి. "మా తరవాత వీడి గతేమిటి?" అని రాత్రిళ్ళు నిద్రపట్టని తండ్రులు మరునాడు ఉదయమే ఆఫీసులో ఈ పని చేయించుకోవడం మంచిది.

తక్కువ ఆదాయం గల కుటుంబాలకు పింఛను ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6 వేలు చేశారు. తెలంగాణలో 2023లో 3,016 నుంచి 4,016కు పెంచారు. పిల్లలకూ ఇది వర్తిస్తుంది. చెవి మిషన్లు, చక్రాల కుర్చీలు, కాలిపర్లు, బుద్ధిమాంద్యం గల పిల్లలకు ఆటవస్తువులతో కూడిన బోధన పెట్టెలు కేంద్రంవారి ఆడిప్ పథకంలో ఆదాయాన్నిబట్టి ఉచితంగానో, సగం ధరకో దొరుకుతాయి. పుట్టు చెవుడున్న పసివారికి కాక్లియర్ ఆపరేషను ఆ పథకంలో ఉంది, ఆరోగ్యశ్రీ కింద కూడా ఎందరికో జరిగింది. ఆపరేషనుతో పని సగమే అయినట్టు. తరవాత మాటల శిక్షణ విడవకుండా ఇప్పిస్తేనే ఆ యంత్రానికి సార్థకత.

పుస్తెలమ్మే ముందు

కన్నప్రేమ ఉన్నచోట కాసుల వేటగాళ్ళూ చేరతారు. "ఆరు నెలల్లో పూర్తిగా నయం" అన్న ప్రకటన చూస్తే ఒక్క క్షణం ఆగండి. ఆటిజానికి స్టెమ్‌సెల్ ఇంజక్షన్లంటూ లక్షలు గుంజేవారున్నారు. జాతీయ వైద్య కమిషనుకు చెందిన నీతి, రిజిస్ట్రేషన్ బోర్డు 2022 డిసెంబరులోనే ఈ చికిత్స సిఫార్సు చెయ్యదగినది కాదని తేల్చింది. ఇంటిమీద అప్పుచేసి, మెడలో గొలుసు అమ్మి అక్కడ పొయ్యవలసిన అగత్యం లేదు. ఆ సొమ్ముతో మంచి థెరపిస్టు దగ్గర మూడేళ్ళు నిలకడగా శిక్షణ ఇప్పించవచ్చు.

మంచి థెరపిస్టును పోల్చుకోవడమెలా? స్పీచ్ థెరపిస్టులు, ప్రత్యేక ఉపాధ్యాయులు 1992 చట్టం కింద ఏర్పడ్డ రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదై ఉండాలి. ఆ నెంబరు అడగడం మర్యాద తప్పడమేమీ కాదు. మూడు నెలలకొకసారి "ఏం సాధించాం, ఇక ఏం సాధించాలి?" అని రాసి ఇచ్చేవారు మంచివారు. తలుపు వేసుకుని, తల్లిని వరండాలో కూర్చోబెట్టి, "మీకు తెలియదులెండి" అనేవారి దగ్గర జాగ్రత్త.

ఎందుకంటే అసలు శిక్షణ జరిగేది ఇంట్లోనే. థెరపిస్టు దగ్గర వారానికి మూడు గంటలయితే, తల్లి దగ్గర, బామ్మ దగ్గర బిడ్డ గడిపేది మిగతా కాలమంతా. వారానికి ఆరుసార్లు పంపే స్తోమత లేకపోతే రెండుసార్లే పంపండి. ఆ రెండుసార్లూ పక్కన కూర్చుని నేర్చుకుని, మిగతా రోజుల్లో అన్నం పెడుతూ, స్నానం చేయిస్తూ, బట్టలు మడతపెడుతూ చేయించండి. "బువ్వ కావాలా, నీళ్ళు కావాలా?" అని అడిగి, వాడు వేలెత్తి చూపేదాకానో, సగం మాట పలికేదాకానో ఓపిగ్గా ఆగడం కూడా చికిత్సే. దానికి ఎవరూ బిల్లు వెయ్యరు.

చివరగా బంధువులకు ఒక మనవి. అటువంటి బిడ్డ ఉన్న ఇంటికి వెళ్ళినప్పుడు "అయ్యో పాపం" అని నిట్టూర్చి కాఫీ తాగి రావడం సులువు. అంతకన్న ఒక పూట పెద్దపిల్లను మీ ఇంట్లో ఉంచుకోండి. సర్టిఫికెట్ పనిమీద ఆస్పత్రి వరసలో వాళ్ళ బదులు మీరు నిలబడండి. కంప్యూటరులో నిరామయ దరఖాస్తు నింపడం వచ్చిన మేనల్లుణ్ణి ఒక ఆదివారం పంపండి. జీతం రాళ్ళు లెక్కపెట్టుకునే సంసారానికి ఆ సాయం తక్కువదేమీ కాదు. ఒక్క నెల థెరపీ మానకుండా సాగితే, ఆ నెలలోనే ఒక కొత్త మాట రావచ్చు.