గుర్రం నడకను బట్టి కట్టిన వంతెనలు

రైళ్లు ఇంకా రాని రోజుల్లో ఇంగ్లండు కర్మాగారాలకు బొగ్గును, సున్నపురాయిని చేరవేసినవి ప్రధానంగా కాలువలే. 1761లో బ్రిడ్జ్‌వాటర్ కాలువ మొదలైన నాటి నుంచి దేశమంతటా అల్లుకుపోయిన ఆ నీటిదారుల్లో, ఏడడుగుల వెడల్పు, డెబ్బై అడుగుల పొడవు ఉన్న సన్నపడవను, అందులోని సుమారు 25 టన్నుల సరుకుతో సహా, ఒక్క గుర్రం గట్టుదారి వెంట నడుస్తూ పొడవాటి తాడుతో లాగుకుపోయేది. గోదావరి డెల్టా కాలువల్లో ఇదే పనిని మనుషులు చేశారు.

గట్టుదారి సాధారణంగా కాలువకు ఒకవైపే ఉండేది. అది ఆవలి గట్టుకు మారినచోట గుర్రం కూడా కాలువ దాటక తప్పదు. మామూలు వంతెన అయితే గుర్రం పైనుంచి, పడవ కిందనుంచి వెళ్లడం వల్ల తాడు వంతెనకు చుట్టుకుంటుంది కాబట్టి, ప్రతిసారీ దాన్ని విప్పి మళ్లీ కట్టాలి. 1831లో పూర్తయిన మాక్లెస్‌ఫీల్డ్ కాలువ మీద ఈ చిక్కును రాతికట్టడంతోనే విడదీశారు. అక్కడి వంతెనకు రెండు వాలుదారులూ ఒకే పక్కన ఉంటాయి. ఒక గట్టున పైకెక్కిన గుర్రం కాలువ దాటి, ఆవలి గట్టున మెలి తిరిగిన వాలు వెంట తాను ఎక్కిన పక్కకే దిగి, అదే వంతెన కమాను కిందుగా ముందుకు సాగిపోతుంది. తాడు వంతెనను చుట్టుకునే అవకాశమే లేదు గనుక దాన్ని విప్పే పనీ లేదు. పాములా మెలి తిరిగిన ఈ రూపాన్ని బట్టే అలాంటి వంతెనలకు 'స్నేక్ బ్రిడ్జి' అన్న పేరు వచ్చింది. చూడముచ్చటగా ఉండే ఆ వంపులు అలంకారం కోసం పెట్టినవి కావు. పిట్టగోడ మీదుగా తాడు ఎక్కడా తగులుకోకుండా జారిపోవాలన్న అవసరమే వాటిని అంత నునుపుగా తీర్చింది.

స్ట్రాట్‌ఫర్డ్ కాలువ దక్షిణ భాగాన్ని కట్టినవారు ఖర్చు తగ్గించుకోవడానికి మరో ఉపాయం పన్నారు. గట్టుదారిని వంతెన కిందుగా తీసుకుపోతే కమాను వెడల్పు పెరుగుతుంది. అందుకని పడవ పట్టేంత సందు మాత్రమే వదిలి, రెండు గట్ల నుంచి పోత ఇనుప పలకలను ముందుకు చాచి, అవి కలవవలసిన నడిమధ్య సన్నని చీలిక ఉంచారు. గుర్రం వంతెనను పక్కగా చుట్టి వెళుతుంటే, తాడు ఆ చీలికలోంచి జారి ఆవలికి వచ్చేది.

గుర్రాలు లాగిన శ్రమకు సాక్ష్యం వంతెనల అంచుల్లోనే ఉంది. తడిసి, ఇసుక రేణువులు అంటిన నూలు తాడు ఏళ్ల తరబడి ఒకేచోట ఒరుసుకోవడంతో రాయి కోసుకుపోయింది. రాతిని కాపాడడానికి మూలల్లో బిగించిన ఇనుప పట్టీలలో సైతం లోతైన గాడులు పడ్డాయి. పడవలకు ఇంజన్లు వచ్చాక గుర్రాల పని తీరిపోయినా వంతెనలు చాలావరకు నిలిచాయి, వాటిలో అనేకం చట్టరక్షణ పొందిన కట్టడాలు. మాంచెస్టర్ ప్రాంతంలో ఉంటున్న తెలుగువారు సమీపంలోని మార్పుల్ దగ్గర మొదలయ్యే మాక్లెస్‌ఫీల్డ్ కాలువ గట్టున ఒక పూట నడిచి, ఈ వంతెనలను తప్పక చూడాలి.