గీత మీది దెబ్బ ఆఖరిది

పాత పెంకుటింటి ద్వారబంధం పై మూలను దగ్గరికెళ్లి చూడండి. ఇనుప మేకు కనిపించదు. నిలువు కమ్మీ కొసను రెండు పక్కలా కోసేసి మధ్యలో మిగిల్చిన భాగం కుసి. పై కమ్మీలో దాని కొలతకే తొలిచిన రంధ్రం బెజ్జం. కుసిని బెజ్జంలో దించి, పక్కనుంచి అడ్డంగా ఒక కొయ్య చీల దిగ్గొడితే ఆ మూల తరాలపాటు కదలదు. జర్మనీలో లైప్‌జిగ్ నగరం చుట్టుపక్కల తవ్వకాల్లో బయటపడ్డ బావుల్లో ఓక్ చెక్కల వరలను బిగించడానికి కుసీ బెజ్జాల కూర్పు కూడా వాడారు. వాటి వయసు 7,000 ఏళ్ల పైమాటే. అక్కడి జనానికి లోహపు పనిముట్లు ఇంకా తెలియని కాలమది.

ఈ పనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. ఉలి చెక్కలోకి దిగేటప్పుడు ఏం జరుగుతుందో తెలియాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఒకటుంది: గీత మీదే ఉలి ఆనించారు, నిటారుగానే కొట్టారు, అయినా బెజ్జం గీత దాటి పెద్దదైపోయింది, కుసి వదులైంది. చెయ్యి కుదరలేదని బాధపడతారు. ఉలి ఆకారంలోనే ఆ గుణం ఉంది.

ఉలికి ఒక ముఖం చదును, రెండోది వాలు. వాలు సాధారణంగా 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. నిటారుగా కొట్టినప్పుడు వాలు ముఖం తన ముందున్న చెక్కను పక్కకు నెడుతుంది. ఆ చెక్క మందంగా, గట్టిగా ఉండి జరగడానికి చోటు లేకపోతే ఉలే వెనక్కి, అంటే చదును ముఖం వైపుకి జరుగుతుంది. చదును ముఖం గీతకు ఆనించి పెట్టాం కాబట్టి జరిగిన ఆ కాస్తా గీత అవతలే. అదే ఉలి ముందు మిల్లీమీటరు మందం చెక్క మాత్రమే మిగిలి ఉంటే అది వెంటనే పేడుగా లేచిపోతుంది, ఉలి ఉన్నచోటే తిన్నగా దిగుతుంది. చెయ్యి తిరిగిన వడ్రంగి లోపలి చెక్కనంతా ముందు తీసేసి, గీతను చివరికి ఉంచుకోవడం ఇందుకే. బెజ్జమైనా, రెండు చెక్కలనూ సగం మందం తీసి ఒకదానిలో ఒకటి కూర్చే సగం చెక్క అతుకైనా, సొరుగు మూలలకు వేసే డవ్‌టెయిల్ అయినా ఈ లెక్క మారదు.

ఇక నార సంగతి. కట్ట కట్టిన చీపురు పుల్లల్లాంటిది చెక్క. పుల్లల వెంట చీల్చడం తేలిక, అడ్డంగా తెంచడం కష్టం. అందుకే ఉలి పనిలో ముందు నారను అడ్డంగా తెంచాలి, ఆ తర్వాతే వెంట లేపాలి. తెంచకుండా లేపితే చీలిక ఎక్కడ ఆగుతుందో మన చేతిలో ఉండదు. నార లోపలికి దిగుతున్న వైపు ఉలి తోస్తే అంచు నార వెంటే పరిగెత్తి గీత కిందికి పోతుంది. చెక్క పక్క ముఖాన నార ఎటు వాలిందో చూసి, అది పైకి లేస్తున్న వైపు తోయాలి. అనుమానంగా ఉంటే పలచగా ఒక పొర తీసి చూడండి. నున్నగా వస్తే దారి సరైనదే, గరుకుగా చిరిగితే చెక్కను తిప్పి పెట్టుకోవాలి.

పదును లేకపోతే ఇదంతా వృథా. మొద్దు ఉలి నారను కోయదు, నలుపుతుంది. పైగా మొద్దు ఉలికి బలం ఎక్కువ పెట్టాలి, బలం ఎక్కువైతే జారుతుంది, జారితే గాయం. చాలామంది వాలు ముఖాన్నే నూరి ఊరుకుంటారు. రెండు ముఖాలు కలిసినచోటే కదా అంచు! చదును ముఖం మొదటి అంగుళం మేరా సానరాయి మీద అద్దంలా మెరిసేదాకా రుద్దాలి. ఇది ఉలి కొన్నప్పుడు ఒక్కసారి ఓపికగా చేస్తే చాలు. తర్వాత వాలు ముఖాన్ని నూరుతూ, అవతలి వైపు వేలికి సన్నని గరుకు తగలగానే ఉలిని తిప్పి చదునుగా ఆనించి ఆ గరుకు తీసేయాలి. కరెంటు సాన మీద నూరేటప్పుడు అంచు నీలం రంగుకు తిరిగిందంటే అక్కడ ఉక్కు మెత్తబడినట్టే, ఆ మేరకు అరగదీసి పారేయాల్సిందే. టేకు పని చేసేవాళ్లు మరింత తరచుగా నూరుకోవాలి. టేకులో ఉండే సన్నని ఇసుక లాంటి పదార్థం అంచును తొందరగా తినేస్తుంది.

గీతను పెన్సిలుతో కాదు, చురకత్తితో గీయండి. పెన్సిలు గీతకు మందం ఉంటుంది, దానికి ఏ అంచున కొట్టాలో తెలియదు. కత్తి గీత నారను ముందే తెంచుతుంది, పైగా ఉలి అంచు దానిలో టక్కున కూర్చుంటుంది. మూలమట్టం ఆనించి, అన్ని కొలతలూ చెక్కకు ఒకే ముఖం నుంచి తీసుకోవాలి.

బెజ్జం వెడల్పు చెక్క మందంలో దాదాపు మూడో వంతు. లెక్కకు ఒకటిన్నర అంగుళాల మందం ఉన్న పీట కాలికి అరంగుళం. ఇక్కడ ఒక మంచి అలవాటు ఉంది. బెజ్జం గీసుకుని దానికి సరిపోయే ఉలి వెతకడం కన్నా, చేతిలో ఉన్న ఉలి వెడల్పునే బెజ్జం వెడల్పుగా పెట్టుకోవాలి. అప్పుడు పక్క గోడలు వాటంతటవే వస్తాయి.

చెక్కను బల్ల కాలికి సరిగ్గా పైన బిగించి, దాని కొస దగ్గర నిలబడండి. అక్కడినుంచైతే ఉలి కుడి ఎడమలకు ఒరిగిందేమో కంటికి తెలుస్తుంది. మొదటి దెబ్బలు బెజ్జం నడుమ. ఎదురెదురుగా రెండు వాలు దెబ్బలు కొడితే మధ్యలో చిన్న గుంట పడుతుంది. ఇప్పుడు వాలు ముఖం ఆ గుంట వైపు ఉండేలా ఉలిని పట్టి, మూడేసి మిల్లీమీటర్ల చొప్పున ఒక కొసవైపు జరుపుతూ కొడుతూ పోవాలి. ప్రతి దెబ్బకూ పేడు గుంటలోకి ఒరుగుతుంది, దానికి జరగడానికి చోటుంది కాబట్టి ఉలి వెనక్కి తన్నదు. కొస గీతకు రెండు మిల్లీమీటర్ల ముందే ఆగి, ఉలిని తిప్పి రెండో కొసవైపు వెళ్లాలి. పేళ్లను పెకలించేటప్పుడు ఉలి బెజ్జం అంచు మీద ఆని ఒత్తుకుంటుంది. ఆ నలిగిన అంచు మనం వదిలిన రెండు మిల్లీమీటర్లలోనిదే, ఎలాగూ పోయేదే. లోతు పూర్తయ్యాక కత్తి గీతలో ఉలి కూర్చోబెట్టి, నిటారుగా, ఆ మిగిలిన పలచని పొరను దించేయాలి.

బెజ్జం ఆరపార వెళ్లేదైతే సగం లోతు దాకా ఒక వైపు నుంచి, మిగతా సగం చెక్క తిప్పి రెండో వైపు నుంచి తొలవాలి. ఒక్క వైపు నుంచే దించితే అవతలి ముఖాన నార పెచ్చులుగా ఊడుతుంది. పని చేతికి వచ్చినవాళ్లు కూడా తొందరలో తప్పే చోటు ఇదే.

కుసిని రంపంతో కోసేటప్పుడు గీతకు కొంచెం ఎడంగా కోసి, మిగిలింది ఉలితో తీయాలి. ఇక్కడ కొడతి, అంటే చెక్క సుత్తి, పక్కన పెట్టేయండి. ఎడమ చేతి వేళ్లు ఉలి రేకును చెక్కకు అదిమి దారి చూపుతాయి, కుడి చెయ్యి పిడిని తోస్తుంది. బలం మణికట్టులోంచి కాదు, భుజంలోంచి, ముందుకు వంగే ఒంట్లోంచి రావాలి. రెండు చేతులూ ఎప్పుడూ అంచుకు వెనకే. ఈ నియమానికి మినహాయింపు లేదు. కుసి చెంపలను నారకు అడ్డంగా తోసి చదును చేస్తే చీలిక భయం ఉండదు. కుసి మొదట్లో రెండు వైపులా ఉండే మెట్లను నడుమ వెంట్రుకవాసి లోతుగా చెక్కితే, బయటి అంచులు ఎదుటి చెక్కకు సందు లేకుండా ఆనుకుంటాయి.

సగం చెక్క అతుకుకు రంపంతో లోతు దాకా నాలుగైదు గాట్లు పెట్టి, రెండు పక్కల నుంచీ నడిమికి ఎక్కేలా వాలుగా చెక్కి, చివర ఆ మిట్టను చదును చేస్తే సరిపోతుంది.

ఇక కూర్పు. కుసి చేత్తో నొక్కితే సగం దాకా దిగాలి, మిగతా సగం కొడతితో మెల్లగా తడితే దిగాలి. అంతకంటే బిగువైతే బెజ్జం పగులుతుంది. బిగిసినప్పుడు కుసినంతా చెక్కేయకండి. బయటికి లాగి చూస్తే రాపిడికి మెరిసిన మచ్చలు కనిపిస్తాయి, అక్కడ మాత్రమే పలచగా తీయాలి.

చీలలో ఒక అందమైన కిటుకు ఉంది. ముందు కుసి లేకుండా బెజ్జం చెక్కకే బర్మాతో రంధ్రం వేస్తారు. తర్వాత కుసి దించి, ఆ రంధ్రంలోంచి దాని మీద గుర్తు పెట్టి బయటికి తీస్తారు. కుసిలో రంధ్రాన్ని ఆ గుర్తు మీద కాకుండా ఒక మిల్లీమీటరు మెట్టు వైపు జరిపి వేస్తారు. కొస సన్నగా చెక్కిన, బాగా ఎండిన వెదురు చీలను దిగ్గొట్టినప్పుడు అది రెండు రంధ్రాలనూ ఒక వరసలోకి తేవడానికి కుసిని లోపలికి లాగుతుంది, మెట్టు ఎదుటి చెక్కకు అదుముకుంటుంది. జిగురు లేకుండానే ఆ బిగువు నిలుస్తుంది. వానాకాలం చెక్క ఉబ్బినా, ఎండాకాలం లాగినా చీల కొంచెం వంగి తట్టుకుంటుంది. జిగురు ఎండి పెళుసెక్కిన అతుకుకు ఆ వెసులుబాటు లేదు, నిఖార్సైన చెక్కపనిలో చీలకే నా ఓటు.

బయటికి పొడుచుకొచ్చిన చీలను రంపంతో కాస్త మిగిల్చి కోసి, ఉలి చదును ముఖాన్ని చెక్క మీద పూర్తిగా ఆనించి, రెండు వైపుల నుంచీ నడిమికి కోయండి. ఒకే వైపు నుంచి తోసేస్తే అవతలి అంచున వెదురు పీచు లేచి, రంధ్రంలోకి చిరిగిపోతుంది.