వేర్వేరు ఖాతాల మధ్య డేటా వేర్‌హౌస్‌కు క్లౌడ్ నిల్వపై అనుమతి

సాయిల్ హెల్త్ కార్డు పథకం 2015 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. ఈ పథకం కింద మట్టి నమూనాలను ఉదజని సూచిక, సేంద్రియ కర్బనం, నత్రజని, జింకు మొదలైన 12 అంశాలకు పరీక్షిస్తారు. ఇటువంటి ఫలితాలు ఒక పరీక్షా కేంద్రం క్లౌడ్ ఖాతాలో ఉన్నాయనుకుందాం. వాటిని వర్షపాతం, దిగుబడి వివరాలతో జోడించి విశ్లేషించే డేటా వేర్‌హౌస్ ఒక విశ్వవిద్యాలయం ఖాతాలో ఉంది. ఖాతాలు వేరైనందున వేర్‌హౌస్ ఆ ఫైళ్లను తనంతట తాను చదవజాలదు. వాటిలో రైతుల పేర్లు, సర్వే నంబర్లు కూడా ఉండవచ్చు. అందువల్ల అనుమతి ఎవరికి, ఎంతమేరకు, ఎంతకాలం అనేది ముందుగా నిర్ణయించుకోవాలి.

నివారించవలసిన పద్ధతులు

తొందరలో సాధారణంగా రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, నిల్వ ఖాతా రహస్య కీని మెయిల్‌లో పంపడం. రద్దు చేసేవరకు ఆ కీ చెల్లుతుంది. ఎవరి చేతికి చిక్కినా పనిచేస్తుంది. రెండవది, ఫైళ్లున్న బకెట్‌ను బహిరంగం చేయడం. ఇందువల్ల రైతుల వివరాలు ఎవరైనా చూడగలుగుతారు.

రెండు రోల్‌ల విధానం

అమెజాన్ క్లౌడ్‌లోని ఎస్3 నిల్వ, రెడ్‌షిఫ్ట్ వేర్‌హౌస్‌లను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇక్కడ రోల్ అంటే శాశ్వత పాస్‌వర్డ్ గానీ కీ గానీ లేని గుర్తింపు. దాన్ని స్వీకరించిన సేవకు కొంత సమయం మాత్రమే చెల్లే తాత్కాలిక ఆధారాలు లభిస్తాయి.

1. వేర్‌హౌస్ ఖాతాలో మొదటి రోల్‌ను సృష్టించి, దాన్ని రెడ్‌షిఫ్ట్ సేవ స్వీకరించేలా అనుమతించాలి.

2. నిల్వ ఖాతాలో రెండవ రోల్‌ను సృష్టించాలి. బకెట్ జాబితాను చూడటానికి, నిర్ణీత ఫోల్డరులోని ఫైళ్లను చదవటానికి మాత్రమే దానికి అనుమతినివ్వాలి. దాని ట్రస్ట్ పాలసీలో మొదటి రోల్ పూర్తి చిరునామాను మాత్రమే పేర్కొనాలి.

3. రెండవ రోల్‌ను స్వీకరించే అనుమతిని మొదటి రోల్‌కు చేర్చి, మొదటి రోల్‌ను క్లస్టరుకు జతచేయాలి.

4. కాపీ ఆదేశంలో రెండు రోల్‌ల చిరునామాలను ఇదే క్రమంలో, మధ్యలో కామా మాత్రమే ఉంచి, ఖాళీ వదలకుండా రాయాలి.

బ్యాంకు లాకరు తెరవడానికి బ్యాంకు తాళంచెవి, ఖాతాదారు తాళంచెవి రెండూ కావలసినట్లే, ఇక్కడ ఇరుపక్షాల సమ్మతీ ఉండాలి. ఏ ఒక్క పక్షం అనుమతి లేకపోయినా ఫైలు తెరుచుకోదు.

తరచుగా ఎదురయ్యే లోపాలు

ఫైళ్లు కేఎంఎస్ కీతో సంకేతీకరించి ఉంటే, ఆ కీతో విప్పే అనుమతి కూడా రెండవ రోల్‌కు ఉండాలి. లేనిపక్షంలో ఫైలు చదివే అనుమతి ఉన్నా ఆదేశం విఫలమవుతుంది. బకెట్, క్లస్టరు వేర్వేరు రీజియన్లలో ఉంటే బకెట్ రీజియన్‌ను ఆదేశంలో పేర్కొనాలి. మొదటి రోల్‌ను తొలగించి అదే పేరుతో మళ్లీ సృష్టించినా పాత అనుమతి వర్తించదు. ట్రస్ట్ పాలసీ గుర్తుంచుకునేది పేరును కాదు, ఆ రోల్‌కు కేటాయించిన ప్రత్యేక గుర్తింపును. అందువల్ల పాలసీని తిరిగి భద్రపరచవలసి ఉంటుంది.

ఉపసంహరణ, పర్యవేక్షణ

అధ్యయనం ముగిశాక ట్రస్ట్ పాలసీ నుంచి మొదటి రోల్‌ను తొలగిస్తే కొత్త ఆధారాలు జారీ కావు. అయితే అప్పటికే జారీ అయినవి గడువు తీరేవరకు చెల్లుతాయి. వెంటనే ఆపవలసి వస్తే రెండవ రోల్ నుంచి చదివే అనుమతినే తీసివేయాలి. రోల్ స్వీకరణలు క్లౌడ్‌ట్రెయిల్‌లో నమోదవుతాయి. ఒక్కొక్క ఫైలును చదివిన వివరం మాత్రం డేటా ఈవెంట్ల నమోదును ప్రత్యేకంగా ప్రారంభిస్తేనే లభిస్తుంది. ఆ ఏర్పాటును మొదటి రోజే చేసుకోవడం మంచిది.

అనుమతిని ఎంత జాగ్రత్తగా ఇచ్చినా, ఒకసారి వేర్‌హౌస్‌లోకి చేరిన వివరాలపై నిల్వ ఖాతాకు అదుపు ఉండదు. కనుక విశ్లేషణకు అవసరం లేని పేర్లు, సర్వే నంబర్లను తొలగించిన ప్రతిని వేరే ఫోల్డరులో ఉంచి, దానికే అనుమతినివ్వడం శ్రేయస్కరం. మట్టి నమూనాతోపాటు తన వివరాలను కూడా అప్పగించిన రైతు నమ్మకాన్ని నిలుపుకోవడానికి ఇదే తొలి మెట్టు.