పాత లెన్సుకు పరీక్ష

"పైన పటారము, లోన లొటారము" అను సామెత పాత కెమేరా లెన్సు కొనువారు మరువరానిది. కొత్తది కొనుటకు శక్తి చాలని ఉపాధ్యాయునకును, విద్యార్థికిని పాతదే శరణ్యము. అరకు లోయలోని థింసా నృత్యమును, వారపు సంతలను, కాఫీ తోటలను ఛాయాచిత్రములలో పదిలపరుపగోరు వారికిని అంతే.

సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్న ఆ లోయలో వానకాలమందు తేమ యెక్కువ. తేమయే లెన్సునకు పరమశత్రువు. తేమ తగిలిన లోపలి కటకములపై బూజు సాలెపోగులవలె అల్లుకొనును. అది స్రవించు ఆమ్లము కటకము మీది పలుచని పూతను, క్రమముగా గాజును సైతము తినివేయును. జర్మనీలోని జైస్ సంస్థ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ స్మాకులా 1935లో రూపొందించినట్టి ఈ పూత, కాంతి పరావర్తనమును తగ్గించి చిత్రమునకు నిగారింపు నిచ్చునది.

కావున బూజు పట్టిన లెన్సును విప్పి తుడువక తప్పదు. విప్పుట దోషము కాదు. నేర్పు లేక విప్పుటయే దోషము. లెన్సులోని కటకము లన్నియు ఒకే అక్షముపై నిలువవలెను. ఒకటి వెంట్రుకవాసి ఒరిగినను చిత్రములో ఒక ప్రక్క స్పష్టముగను, రెండవ ప్రక్క మసకగను పడును. గాజుపై గీత కంటికి కనబడును. ఒరిగిన కటకము కనబడదు.

అయినను మరమ్మతు చేసిన చేయి జాడలు విడువకపోదు. మొదట మరల తలలు చూడవలెను. గాడి చెదిరి లోహము మెరయుచున్నచో స్క్రూడ్రైవరు జారినదని గుర్తు. ముందు కటకమును బిగించు వలయము చుట్టు గీతలున్నను అట్లే. పిమ్మట టార్చిలైటును వెనుకనుండి ఏటవాలుగా ప్రసరింపజేయవలెను. బూజుపోగులు, తుడిచిన చారలు అపుడు బయటపడును. లోపలి కటకముపై వేలిముద్ర యున్నచో వేరు సాక్ష్యమేల? ఎపర్చరు రెక్కలకు నూనె అంటరాదు. ఫోకసు రింగు ఎచ్చటను పట్టక, వదులు కాక సమముగా తిరుగవలెను.

కడపటి పరీక్ష చిత్రమే. తెరపి నాడు ఎపర్చరును పూర్తిగా తెరచి, దూరపు కొండకొమ్మునందలి చెట్టు నొకదానిని చట్రపు నాలుగు మూలలకును వంతులవారీగా తెచ్చి నాలుగు చిత్రములు తీయవలెను. నాలుగింటను చెట్టు ఒకే తీరున కుదిరినచో ఆ మరమ్మతు నేర్పరి చేతిదే, నిర్భయముగా కొనవచ్చును. ఒక మూల మాత్రమే మసకయైనచో ఎంత చౌకయైనను విడువదగును.

కొన్న పిదప సిలికాజెల్ పొట్లముతో గాలి చొరని పెట్టెలో దాచుట మేలు. లెన్సు చెడిన మరియొకటి దొరకవచ్చును గాని, మసకబడిన చిత్రములోని నాటి థింసా మరల రాదు.