కొత్త కారు ఒక పక్కకు లాగుతుంటే

ఎడ్లబండి ఎక్కినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. రెండు ఎడ్లలో ఒకటి నీరసంగా ఉంటే బండి ఏ పక్కకు పోతుంది? నీరసంగా ఉన్న ఎద్దు పక్కకే పోతుంది. బలమైన ఎద్దు ముందుకు నడుస్తుంది. రెండోది వెనకబడుతుంది. తోలేవాడు పగ్గం బిగబట్టి బండిని మళ్లీ దారిలోకి తెచ్చుకోవాలి.

కారుకు ఎడ్లు లేవు, చక్రాలున్నాయి. ఒక చక్రం తేలిగ్గా దొర్లి, రెండోది బరువుగా దొర్లితే కారు బరువుగా దొర్లే పక్కకు తిరుగుతుంది. దీన్నే డ్రైవర్లు "బండి లాగుతోంది" అంటారు. ఎడమకు లాగితే ఎడమకు, కుడికి లాగితే కుడికి పోతూ ఉంటుంది. స్టీరింగు గట్టిగా పట్టుకుంటేనే తిన్నగా పోతుంది.

ఈ రోజుల్లో ఊళ్లలో కూడా కారు కొని కిరాయికి తిప్పుకునేవాళ్లున్నారు. మొగుడో కొడుకో తోలతాడు. కానీ అప్పు ఇంటిల్లిపాదిదీ. నెల నెలా కట్టే కంతులో పొదుపు సంఘం డబ్బు కూడా కలిసి ఉంటుంది. అలాంటప్పుడు కారు సంగతి మగవాళ్లదే అని ఊరుకుంటే ఎలా?

కొత్త కారు కదా, అదే సర్దుకుంటుందిలే అని చాలామంది అనుకుంటారు. అది సర్దుకోదు. తోలేవాడి భుజాలు, మణికట్లు నొప్పి పుడతాయి. కొన్నిసార్లు టైరు ఒక అంచున అరిగిపోతుంది. ఎన్నో ఏళ్లు రావాల్సిన టైరు కొన్ని నెలలకే నున్నగా అవుతుంది. నున్నటి టైరు వానలో జారుతుంది. రాత్రిపూట పెద్ద రోడ్డు మీద డ్రైవరుకు ఒక్క క్షణం కునుకు పడితే, లాగే బండి పక్క లారీ కిందికే పోవచ్చు.

మొదట చూడాల్సింది రోడ్డు

ఇంటి కప్పు మీద వాననీళ్లు నిలవకుండా వాలు పెడతాం. రోడ్డుకు కూడా అలాగే పెడతారు. చాలా రోడ్లు నడుమ కొంచెం ఎత్తుగా, అంచులకు పల్లంగా ఉంటాయి. మన దేశంలో ఎడమ పక్కన పోతాం కాబట్టి బాగున్న కారు కూడా కొంచెం ఎడమకు జారుతుంది. అది జబ్బు కాదు.

జబ్బు అవునో కాదో తేల్చుకోవాలంటే చదునుగా ఉన్న ఖాళీ చోటు కావాలి. గాలి విసురుగా ఉండకూడదు. కారులో మనుషులు, సామాను ఒకే పక్కన ఉండకూడదు. నెమ్మదిగా పోతూ స్టీరింగు మీద పట్టు కొంచెం వదులు చేయాలి. చేతులు మాత్రం పూర్తిగా తీయకూడదు. అదే చోట అటు నుంచి ఇటు కూడా తోలి చూడాలి. రెండుసార్లూ ఒకే పక్కకు లాగితే లోపం కారులో ఉన్నట్టే.

ఇంకో తేడా కూడా గమనించాలి. కారు తిన్నగానే పోతుంది, స్టీరింగు చక్రం మాత్రం వంకరగా ఉంటుంది. ఇది లాగడం కాదు, వేరే లోపం. మెకానిక్కుకు చెప్పేటప్పుడు ఈ రెండూ కలిపేస్తే అతను ఒకటి బాగుచేసి రెండోది వదిలేస్తాడు.

తరువాత గాలి

ఇది డబ్బు ఖర్చు లేని పని. డ్రైవరు తలుపు తెరిస్తే, తలుపు ఆనుకునే స్తంభం మీద చాలా కార్లకు ఒక చిన్న కాగితం అంటించి ఉంటుంది. దాని మీద ముందు టైర్లకు ఎంత గాలి, వెనక టైర్లకు ఎంత గాలి అని అంకెలు ఉంటాయి. చాలా చిన్న కార్లకు అది 30కి అటూ ఇటూగా ఉంటుంది. మీ కారుకు ఎంత అన్నది ఆ కాగితమే చెప్పాలి. టైరు మీద కూడా ఒక పెద్ద అంకె ఉంటుంది. దాన్ని చూసి గాలి కొట్టించకండి. టైరు తట్టుకోగల ఎక్కువ గాలి ఎంతో అది చెబుతుంది.

బండి మూడు గంటలైనా కదలకుండా ఉన్న తరువాత గాలి చూడాలి. తిరిగి వచ్చిన టైరు వేడెక్కి ఉంటుంది, అంకె ఎక్కువ చూపిస్తుంది. ముందు రెండు చక్రాల్లో ఒకదానికి గాలి తక్కువైతే కారు ఆ పక్కకే లాగుతుంది. నీరసం ఎద్దు లెక్కే.

కొత్త కారులో గాలి తేడా ఎందుకుంటుంది అనిపించవచ్చు. ఫ్యాక్టరీ నుంచి లారీ మీద వచ్చే కార్లకు కొన్నిసార్లు గాలి ఎక్కువ పెడతారు. అమ్మే ముందు దుకాణంలో సరిచేసి ఇవ్వాలి. తొందరలో ఆ పని సరిగ్గా జరగకపోవచ్చు.

గ్లాసు దొర్లించి చూడండి

గాలి సరిగ్గా ఉంది, అయినా లాగుతోంది. అప్పుడు టైరునే అనుమానించాలి. వంటింట్లో మూతి వెడల్పుగా, అడుగు సన్నగా ఉండే స్టీలు గ్లాసును నేల మీద పడుకోబెట్టి దొర్లించండి. అది తిన్నగా పోదు. సన్నగా ఉన్న అడుగు పక్కకు తిరిగి, గుండ్రంగా చుట్టు వస్తుంది. టైరు తయారయ్యేటప్పుడు ఒక అంచుకూ రెండో అంచుకూ కంటికి కనపడనంత తేడా వస్తే ఆ టైరు కూడా గ్లాసులాగే దొర్లుతుంది. టైరు కొత్తదే, చూడ్డానికి నిగనిగలాడుతూనే ఉంటుంది. కానీ కారును లాగేస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి మెకానిక్కులు ఒక సులువైన పని చేస్తారు. ముందున్న ఎడమ చక్రాన్ని కుడికి, కుడి చక్రాన్ని ఎడమకు మారుస్తారు. మళ్లీ అదే చోట తోలి చూస్తారు. ఇంతకుముందు ఎడమకు లాగిన కారు ఇప్పుడు కుడికి లాగిందా? లేకపోతే లాగడమే మానేసిందా? అయితే తప్పు టైరుది. ఇంకా ఎడమకే లాగుతోందా? అయితే టైరును తిట్టి లాభం లేదు, తప్పు ఇంకోచోట ఉంది. కొన్ని టైర్ల మీద బాణం గుర్తు ఉంటుంది. అవి ఒక వైపే దొర్లాలి. వాటిని ఇలా మార్చకూడదు.

బ్రేకు, చక్రాల వరస

బ్రేకు వేసినప్పుడు మాత్రమే లాగుతుంటే అది బ్రేకు లోపం. దాన్ని ఒక్క రోజు కూడా వాయిదా వేయకూడదు. ఒక్కోసారి బ్రేకు వదిలినా ఒక చక్రాన్ని పట్టుకునే ఉంటుంది. కొంత దూరం పోయి ఆగిన తరువాత చక్రం దగ్గరికి అరచెయ్యి తీసుకుపోతే, తాకకుండానే సెగ తెలుస్తుంది. ముందు రెండు చక్రాల్లో ఒకటే బాగా సెగ కొడుతున్నా, మాడు వాసన వస్తున్నా ఆ బండిని ఇంక తోలకండి. ఫోను చేసి మెకానిక్కునే పిలిపించుకోండి.

ఇంక మిగిలింది చక్రాల వరస. దీన్ని వీల్ అలైన్‌మెంట్ అంటారు. మనం నిలబడినప్పుడు పాదాలు తిన్నగా ఉన్నాయా, కాలివేళ్లు లోపలికి తిరిగాయా, కాళ్లు దొడ్డిగా ఉన్నాయా అని చూసినట్టే చక్రాలను కూడా చూస్తారు. ఒక చక్రం పైభాగం రెండో చక్రం కంటే ఎక్కువగా బయటికో లోపలికో ఒరిగి ఉంటే కారు లాగుతుంది. లారీ మీద గొలుసులతో కట్టి తెచ్చేటప్పుడు గానీ, పెద్ద గుంటలో పడినప్పుడు గానీ ఇది తప్పవచ్చు. దీన్ని కంటితో తేల్చలేం. యంత్రం మీద పెట్టి కొలవాలి. కొలిచాక యంత్రం ఒక కాగితం ఇస్తుంది. సరిచేయక ముందు అంకెలు, సరిచేసిన తరువాత అంకెలు రెండూ అందులో ఉంటాయి. ఆ కాగితం అడిగి తీసుకోండి. "చేశామమ్మా" అన్న మాట ఇంటికి తెచ్చుకుని దాచుకోలేం కదా.

రాయించే పని

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒక ఇంట్లో ఇలా జరిగింది. కారు కొని నెల కాలేదు, ఎడమకు లాగుతోంది. ఆయన రెండుసార్లు సర్వీసుకు తీసుకుపోయాడు. రెండుసార్లూ "అంతా బాగానే ఉంది" అని పంపారు. మూడోసారి ఇంటావిడ కూడా వెళ్లింది. అక్కడి కుర్రాడు జాబ్ కార్డు మీద ఇంగ్లీషులో ఏదో రాసి, సంతకం పెట్టమన్నాడు.

"తమ్ముడూ, ఏం రాశావు?"

"మామూలు చెకప్ అని రాశానమ్మా."

"మేము చెకప్ కోసం రాలేదు కదా. కారు ఎడమకు లాగుతోంది అని రాయి."

"అంతా ఒకటేనమ్మా. సంతకం పెట్టండి."

"ఒకటే అయితే నేను చెప్పిందే రాయి. తెలుగులో రాయి, చదువుకుని పెడతాను."

కుర్రాడు ఆయన వైపు చూశాడు. ఆయన, "ఆమె చెప్పినట్టు రాయవయ్యా" అన్నాడు. "చదును రోడ్డు మీద కూడా ఎడమకు లాగుతోంది. గాలి సరిగ్గానే ఉంది. బ్రేకు వేయకపోయినా లాగుతోంది" అని రాశాడు. ఆమె కూడబలుక్కుని చదివింది, సంతకం పెట్టింది. ఆ రోజు చక్రాలు అటూ ఇటూ మార్చి చూశారు. కారు కుడికి లాగింది. అంతకుముందు వెళ్లిన రెండుసార్లూ మామూలు చెకప్ అనే రాసి ఉంది. లోపం ఉందని కాగితం మీద లేకపోతే ఎవరు వెతుకుతారు?

టైరు తప్పు అని తేలితే ఇంకో మాట వినిపిస్తుంది. "టైరు గ్యారంటీ మాది కాదు, టైరు కంపెనీది" అంటారు. చాలా కార్లకు అది నిజమే. కారుతో ఇచ్చిన పుస్తకంలో గ్యారంటీ పేజీ ఉంటుంది, చదివించుకోండి. అయినా టైరు కంపెనీకి పంపే కాగితాలు కారు అమ్మిన దుకాణం ద్వారానే పంపమని అడగవచ్చు. గ్యారంటీ రోజులు దాటకముందే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వడం ముఖ్యం. నకలు మీద తేదీ వేయించి, ముద్ర కొట్టించుకోవాలి.

బాగుచేశామని చెప్పాక, డబ్బు కట్టకముందే, మెకానిక్కును పక్కన కూర్చోబెట్టుకుని అదే చదును చోట తోలి చూడాలి.

ఎన్నిసార్లు తిరిగినా పని కాకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అది వినియోగదారుల సహాయ నంబరు. తెలుగులో మాట్లాడవచ్చు. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి చట్టం ప్రకారం, మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. కారు కొన్న పట్నానికి పోనక్కర లేదు. లోపం బయటపడిన రెండేళ్లలోపు వేయాలి. కారు ధర 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు. 5 లక్షలు దాటి 10 లక్షల వరకు అయితే 200 రూపాయలు. "కిరాయికి తిప్పే కారుకు ఈ చట్టం వర్తించదు" అని ఎవరైనా భయపెడతారేమో. వ్యాపారం కోసం కొన్నవాటికి వర్తించదన్న మాట నిజమే. కానీ సొంతంగా తోలుకుని పొట్టపోసుకోవడానికే కొన్నవాళ్లకు వర్తిస్తుంది. అర్జీతో పాటు కారు బిల్లు, తేదీలున్న జాబ్ కార్డులు, యంత్రం ఇచ్చిన అంకెల కాగితం జత చేయాలి.