హీటరు లేని చలికాలం: ఇంటి లెక్క

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అంటే ఎండలే గుర్తొస్తాయి. ఇక్కడ చలేమిటని అడగొచ్చు. డిసెంబరు, జనవరిల్లో మధ్యాహ్నం 30 డిగ్రీల దాకా ఉన్నా, తెల్లవారుజాముకు 18 దగ్గరికి, కొన్నాళ్లు ఇంకా కిందికి దిగుతుంది. చలి ప్రాంతాల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. అంటే పసిపిల్లలున్న ఇంట్లో, పెద్దవాళ్లున్న ఇంట్లో జాగ్రత్త పడాల్సిందే. హీటరు మాత్రం అక్కర్లేదు.

హీటరు కొంటే ఏమవుతుంది? 2,000 వాట్ల హీటరు గంటకు 2 యూనిట్లు తాగుతుంది. రాత్రికి 3 గంటలు వేస్తే నెలకు 180 యూనిట్లు. నెలకు 100 యూనిట్లు వాడే ఇల్లు 280కి చేరుతుంది. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది కాబట్టి, 2022-23 టారిఫ్ ప్రకారం సుమారు 305 రూపాయల కరెంటు ఖర్చు 1,498 అవుతుంది. ఇతర చార్జీలు దీనికి అదనం.

మరి వెచ్చదనం ఎక్కడిది? పగటిదే. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. దక్షిణపు కిటికీలోంచి ఎండ నేరుగా గదిలో పడుతుంది. పదకొండు నుంచి నాలుగు దాకా తలుపులు, కిటికీలు తెరిచి, పరుపులు, బొంతలు ఎండలో వేయండి. పొద్దు వాలకముందే వాటిని లోపలికి తెచ్చి కిటికీలు మూయండి. గోడలు పట్టుకున్న వేడి రాత్రి మెల్లగా వదులుతుంది. పాత మట్టిమిద్దెలు రాత్రి చప్పున చల్లబడకపోవడానికి కారణం ఆ మందపాటి మట్టే.

అసలు నష్టం కింద ఉంది. మన ఇళ్లలో చాలావాటికి నేల కడప బండలే. వేసవిలో హాయినిచ్చే ఆ రాయి, చలిలో ఒంటి వేడిని లాగేస్తుంది. దూదితో పోలిస్తే రాయిలోంచి వేడి ఇరవై రెట్లకు పైగా సులువుగా పోతుంది. అందుకే పైన రెండో దుప్పటి కప్పేకంటే ముందు కింద చాప, దానిమీద బొంత వేయాలి. నిద్రలో మనిషి ఒళ్లు సుమారు 70 వాట్ల వేడినిస్తుంది. నలుగురు పడుకుంటే 280 వాట్లు! ఆ వేడి బండల్లోకి పోకుండా ఆపితే చాలు.

దోమల కోసం ఫ్యాను వేయక తప్పదంటారా? ఫ్యాను గాలి ఒంటి చుట్టూ చేరిన వెచ్చటి గాలిని చెదరగొడుతుంది. దోమతెర కట్టుకుంటే ఫ్యానుతో పని ఉండదు.

తలుపులు మూసి నిప్పుల కుంపటి పెట్టుకుంటే? ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఇది రంగు, వాసన లేని విషవాయువు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు, ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకు ప్రమాదం తెలిసేలోపే ప్రాణం పోతుంది. చలి మంట ఆరుబయటే వేసుకోవాలి.

ఈ చలికాలం డబ్బు ఖర్చుపెట్టదలిస్తే ముందు మందపాటి పరుపు మీద పెట్టండి. ఇంట్లో అవ్వాతాతలు వట్టి బండల మీద పడుకుంటుంటే, ఈ రాత్రే వాళ్లకు మంచం వేయండి.