వామనవృక్ష పోషణలో ఋతుధర్మం: శీతదేశాల బాక్స్‌వుడ్ నుండి పల్నాటి కుండీ వరకు

వ్యాససంగ్రహం

బోన్సాయ్ పెంపకానికి సంబంధించిన సూచనలలో అధికభాగం జపాన్, ఐరోపా, ఉత్తర అమెరికా దేశాల శీతోష్ణస్థితులను ఆధారం చేసుకొని రూపొందినవి. వాటిలోని నెలల పేర్లను యథాతథంగా తెలుగులోకి తెచ్చుకుంటే ఉష్ణప్రాంతాలలో చెట్టు ప్రాణానికే ముప్పు వాటిల్లుతుంది. శీతదేశాలలో బాక్స్‌వుడ్ బోన్సాయ్‌ను చలికాలంలో కాపాడే పద్ధతిని, కుండీ మార్చే విధానాన్ని, వాటి వెనుక ఉన్న కారణాలను వివరించి, ఆ కారణాలను పల్నాడు జిల్లా రొంపిచెర్ల ప్రాంతపు ఋతువులకు అన్వయించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: బోన్సాయ్, వామనవృక్షం, బాక్స్‌వుడ్, సుప్తావస్థ, కుండీ మార్పిడి, కార్తెలు, పల్నాడు.

1. ఉపోద్ఘాతం

'బోన్సాయ్' జపాను భాషాపదం. 'బోన్' అంటే లోతు తక్కువగా ఉండే పళ్ళెం వంటి పాత్ర, 'సాయ్' అంటే నాటడం. తెలుగులో దీనికి 'వామనవృక్షం', 'మరుగుజ్జు చెట్టు' అనే పేర్లు వాడుకలో ఉన్నాయి. జపాను పదం పాత్రను చెబుతుంది. తెలుగు పదాలు చెట్టు పరిమాణాన్ని చెబుతాయి. ఈ భేదం గమనించదగినది. బోన్సాయ్‌గా పెంచే చెట్టు చాలావరకు స్వభావరీత్యా మరుగుజ్జు కాదు. అదే మొక్కను నేలలో నాటితే మామూలు చెట్టుగానే ఎదుగుతుంది. పాత్ర చిన్నది కావడం, వేళ్ళను కొమ్మలను తరచు కత్తిరించడం వల్లనే అది పొట్టిగా ఉంటుంది. కాబట్టి దాని కష్టసుఖాలన్నీ పాత్రతో ముడిపడినవే.

ఈ కళకు చైనా పుట్టిల్లు. క్రీ.శ. 706 నాటి రాకుమారుడు చాంగ్‌హువాయ్ సమాధి కుడ్యచిత్రంలో చిన్న రాళ్ళు, మొక్కలు అమర్చిన పళ్ళేన్ని మోస్తున్న పరిచారకురాలు కనిపిస్తుంది. జపానులో ఈ కళ శాస్త్రీయమైన క్రమశిక్షణను పొందింది. 1923 నాటి కాంటో భూకంపం తరువాత టోక్యో నుండి తరలివెళ్ళిన పెంపకందారులు 1925లో ఓమియాలో బోన్సాయ్ గ్రామాన్ని నెలకొల్పారు. 1625 నుండి కుండీలో పెరుగుతూ, 1945లో హిరోషిమా అణుబాంబు దాడిని తట్టుకొని నిలిచిన యమాకి పైన్ వృక్షాన్ని 1976లో జపాన్ అమెరికాకు బహూకరించింది. ఒక చెట్టు కుండీలో మూడు శతాబ్దాలకు పైగా బతకగలదంటే, దాని వెనుక ఋతువు తప్పని పోషణ ఉన్నదని అర్థం.

2. బాక్స్‌వుడ్ స్వభావం

బాక్స్‌వుడ్ బక్సస్ ప్రజాతికి చెందిన సతతహరిత వృక్షం. ఐరోపాలో బక్సస్ సెంపర్వైరెన్స్, తూర్పు ఆసియాలో బక్సస్ మైక్రోఫిల్లా ప్రసిద్ధమైనవి. భారతదేశంలో హిమాలయ సానువుల్లో బక్సస్ వాలిచియానా పెరుగుతుంది. దీని ఆకు చిన్నది, దళసరి, పెరుగుదల నెమ్మది, కలప మిక్కిలి గట్టిది. పద్దెనిమిదో శతాబ్ది చివర ఇంగ్లండులో థామస్ బ్యూయిక్ తన చెక్కుడు బొమ్మలకు ఈ కలపనే వాడాడు. చిన్న ఆకు, గుబురుగా పెరిగే సన్నని వేళ్ళు, కత్తిరింపును తట్టుకునే గుణం ఉండటం వల్ల బోన్సాయ్‌కి ఇది ఎంతో అనువైనది.

3. శీతకాల రక్షణ

నేలలో ఉన్న బాక్స్‌వుడ్ మంచును తట్టుకుంటుంది. అదే చెట్టు కుండీలో ఉంటే చనిపోవచ్చు. దీనికి కారణాలు రెండు. మొదటిది, కొమ్మలు తట్టుకున్నంత చలిని వేళ్ళు తట్టుకోలేవు. నేలలో వేళ్ళ చుట్టూ ఉండే మట్టి వెచ్చదనాన్ని నిలిపి ఉంచుతుంది. కుండీలోని గుప్పెడు మట్టి గాలితో పాటే చల్లబడుతుంది. రెండోది, బాక్స్‌వుడ్ చలికాలంలోనూ ఆకు రాల్చదు. ఎండ, గాలి తగిలినప్పుడు ఆకుల నుండి బాష్పోత్సేకం జరుగుతూనే ఉంటుంది. కుండీలోని నీరు గడ్డకడితే వేళ్ళు ఆ లోటును తీర్చలేవు. మంచులో ఉన్న చెట్టు దాహంతో ఎండిపోతుంది.

అందువల్ల శీతదేశాలలో ఆకులు రాలే కాలం ముగిసేసరికి కుండీని తోటలో గాలి సోకని చోట అంచు వరకు నేలలో పాతి, పైన ఎండుగడ్డి గాని చెక్కపొట్టు గాని కప్పుతారు. లేదా 0 నుండి 5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే, వేడి చేయని గదిలో కొంత వెలుతురు తగిలేలా ఉంచుతారు. వేడి చేసిన ఇంటిలోకి తేవడం తగదు. చెట్టుకు అవసరమైన సుప్తావస్థ భంగమవుతుంది. మట్టి కరిగి ఉన్న రోజుల్లో తడి ఆరకుండా చూస్తారు. చలిలో ఆకులు రాగిరంగుకు తిరగడం సహజం. వసంతంలో తిరిగి పచ్చబడతాయి.

4. కుండీ మార్చే విధానం

రెండు మూడేళ్ళకు వేళ్ళు కుండీని నింపివేస్తాయి. పోసిన నీరు లోపలికి ఇంకదు. వయసు మళ్ళిన చెట్లకు నాలుగైదేళ్ళు పట్టవచ్చు. సుప్తావస్థ ముగిసి, మొగ్గలు విచ్చుకోకముందు, అంటే శీతదేశాల్లో సుమారు మార్చి, ఏప్రిల్ మాసాలలో కుండీ మారుస్తారు.

చెట్టును పైకి తీసి, చెక్కపుల్లతో పాత మట్టిని మెల్లగా దులిపి, చుట్టుకుపోయిన వేళ్ళలో మూడో వంతుకు మించకుండా కత్తిరిస్తారు. కుండీ అడుగు రంధ్రాలపై జల్లెడగుడ్డ వేసి, నీరు నిలవని గరుకు మిశ్రమాన్ని నింపి, చెట్టు కదలకుండా తీగతో కట్టి, అడుగు నుండి తేటనీరు వచ్చే వరకు నీరు పోస్తారు. రెండు మూడు వారాలు నీడలో ఉంచుతారు. నెల రోజుల వరకు ఎరువు వేయరు. కోసిన వేరు కొత్త పోగులు వేసే వరకు చెట్టుకు ఎండ, గాలి భారం కాకూడదన్నదే ఈ నియమాలన్నింటి సారాంశం.

5. రొంపిచెర్లకు అన్వయం

నరసరావుపేటకు సమీపంలోని రొంపిచెర్లలో నీరు గడ్డకట్టే చలి ఉండదు. ఇక్కడి కఠిన ఋతువు గ్రీష్మం. ఎండల వార్తల్లో ఏటా వినిపించే రెంటచింతల ఈ పల్నాడులోనిదే. 'మార్చి, ఏప్రిల్‌లో కుండీ మార్చాలి' అన్న సూచనను ఇక్కడ అక్షరాలా పాటిస్తే, వేళ్ళు కోసిన చెట్టు కోలుకోకముందే వడగాడ్పుల పాలవుతుంది. శీతదేశంలో గడ్డకట్టిన కుండీకి జరిగేదే ఇక్కడ కాగిన కుండీకి జరుగుతుంది: ఆకు నీరు అడుగుతుంది, వేరు ఇవ్వలేదు.

రక్షణ సూత్రం కూడా అదే. చలిదేశంలో నేల వెచ్చదనం కోసం కుండీని పాతితే, ఇక్కడ నేల చల్లదనం కోసం పాతాలి. కుండీని తడి ఇసుక నింపిన తొట్టిలో అంచు వరకు దించడం, చుట్టూ తడిపిన గోనెపట్టా చుట్టడం, డాబా గచ్చు మీద నుండి వేపచెట్టు నీడకు మార్చడం మంచి ఫలితాన్నిస్తాయి. మిట్టమధ్యాహ్నం డాబాపై ట్యాంకులో కాగిన నీటిని పోయకూడదు. ఉదయం, సాయంత్రం పోయాలి.

కుండీ మార్పిడికి సరైన కాలాన్ని తెలుగువారి కార్తెల లెక్క చక్కగా చూపుతుంది. మే చివరి వారంలో మొదలయ్యే రోహిణికార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయన్నది నానుడి. జూన్ 8 ప్రాంతంలో మృగశిర, 22 ప్రాంతంలో ఆరుద్ర ప్రవేశిస్తాయి. నైరుతి ఋతుపవనాలతో గాలిలో తేమ పెరిగి, చెట్టు చిగురించే ఈ కాలమే మర్రి, జువ్వి వంటి వాటికి అనుకూలం. వానలు ఆలస్యమైతే తేదీ కోసం కాక వాన కోసం ఆగాలి. మిరపనారు నాటే రైతు మధ్యాహ్నం కాక సాయంత్రం నాటడంలోనూ ఇదే వివేకం ఉంది.

మట్టి విషయంలోనూ జాగ్రత్త అవసరం. పల్నాటి నల్లరేగడి పొలానికి మేలు చేస్తుంది గాని, లోతు లేని కుండీలో తడిస్తే ఉబ్బి, ఆరితే బిగిసి వేళ్ళను తెంపుతుంది. జల్లించిన ఇటుకముక్కలు, గరుకు ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపిన మిశ్రమం మేలు.

శీతల విశ్రాంతి దొరకని ఈ నేలలో బాక్స్‌వుడ్ కోసం పట్టుబట్టడం కంటే ప్రాంతానికి తగిన చెట్టును ఎంచుకోవడం ఉచితం. మర్రి, రావి, జువ్వి, చింత, కాగితంపూలు ఇందుకు తగినవి. బాక్స్‌వుడ్ వంటి నిగనిగలాడే చిన్న ఆకు కావాలనుకునేవారికి కరివేపాకుకు దగ్గరి బంధువైన మురయా పానిక్యులేటా ఉంది. ఆంగ్లంలో దానికి 'చైనీస్ బాక్స్' అన్న పేరుండటం విశేషం.

6. ముగింపు

• కుండీలోని చెట్టుకు నేల అండ ఉండదు. అది చలికైనా ఎండకైనా ముందుగా వేళ్ళలోనే దెబ్బతింటుంది.
• శీతదేశాల శీతకాల రక్షణకు పల్నాటిలో సమానమైనది గ్రీష్మరక్షణ.
• కుండీ మార్పిడికి ఆధారం నెల పేరు కాదు. కఠిన ఋతువు గడిచి చెట్టు చిగురించబోయే సమయం. రొంపిచెర్లలో అది మృగశిర, ఆరుద్ర కార్తెలు.
• సాగుకు సంబంధించిన విజ్ఞానాన్ని అనువదించేటప్పుడు సూచనతో పాటు దాని కారణాన్ని కూడా తెలుగులోకి తీసుకురావాలి. కారణం తెలిసిన పాఠకుడు తన ఊరి ఋతువును బట్టి కాలాన్ని తానే నిర్ణయించుకోగలడు.